తూకపు గీత

జగిత్యాల కోటను చూడనివారు మన వైపున అరుదు. చుట్టును కందకము, నక్షత్రమువలె కోణములు దేరిన గోడలు గల ఆ కోటను 1747 ప్రాంతమున జఫరుద్దౌలా ఫ్రెంచి ఇంజనీరులచేత కట్టించెనని చెప్పుదురు. ఆ ఇంజనీరుల పేర్లు జాక్, టాల్ అనియు, ఆ రెండును కలిసి జగిత్యాల అయ్యెననియు ఒక కథ వాడుకలో నున్నది. ఫ్రెంచివాడు ఝాక్ అనునేకాని జాక్ అనడు. కావున నేనా కథను నమ్మను. అయినను వినుటకు ముచ్చటగనే యుండును. నేడు నేను చెప్పదలచినది కోట చరిత్ర కాదు. ఆ కాలపు ఫిరంగులలో నుండిన ఒక చిన్న యుక్తి, రెండు వందల యేండ్ల పిమ్మట, విమానములలో ఎక్కించు సైనికవాహనముల ప్రక్కలపై ఒక గీతయై తిరిగి కనబడినది. ఆ గీతను గుఱించి చెప్పెదను.

ఆ కాలపు ఫిరంగిగొట్టమును ప్రక్కనుండి పరికించినచో, నడిమి దాపున, ఇరువైపుల, రెండు గుండ్రని బొడిపెలు భుజములవలె పొడుచుకొని వచ్చియుండును. గొట్టము బరువంతయు ఆ రెండు భుజములమీదనే బండికి ఆనును. ఒక వస్తువును ఏ చోట పట్టి ఎత్తిన ముందుకుగాని వెనుకకుగాని వ్రాలక తూగునో ఆ చోటికి పాఠ్యపుస్తకములలో గరిమనాభి యని పేరు. పోతపనివారు భుజములను సరిగా ఆ చోటనే నిలుపక మూతివైపునకు రవంత జరిపి పోసెడివారు. అందువలన వెనుకభాగము కొంచెము బరువై, క్రింద నుంచిన వాలుకొయ్యపై కుదురుగా కూర్చుండెడిది. ఆ కొయ్యను లోనికి తట్టిన మూతి దిగును. వెలికి లాగిన మూతి లేచును. టన్నుకు మించిన లోహమును గుఱి చూచుటకు ఒక మనుష్యుని చేయి చాలెడిది. ఐరోపా పోతపనివారు గొట్టమును తూచి, ఆ బరువును గొట్టముపైననే చెక్కుట కూడ వాడుక. మన ప్రజలు మూసారాము అని పిలిచిన ఫ్రెంచి సేనాని రేమాను 1786లో హైదరాబాదున నెలకొల్పిన ఫిరంగుల కర్మశాల ఈ విద్యకే నిలయము. నేటికిని ఆ పేటను గన్‌ఫౌండ్రీ యనియే పిలుచుచున్నారు.

బరువెంత, ఆ బరువు ఎచ్చట తూగును అను ఈ రెండు సంగతులును వస్తువుపైననే తెలియవలెననుట అప్పటి పోతపనివారి నియమము.

కొన్ని సంవత్సరముల క్రిందట హైదరాబాదులో సైన్యమువారి ప్రదర్శనము జరుగుచుండగా నేనును పోయితిని. అందొక వాహనము ప్రక్కను, చక్రముల నడుమ, నిలువుగా ఒక గీతయు, దాని పొంత అక్షరములును, బరువు అంకెలును వ్రాసియుండెను. అవతలి ప్రక్కకు పోయి చూచితిని; అచ్చటను సరిగా అట్లే యున్నది. ఇది బండి విఱిగి అతికిన చోటు గాబోలునని తలచితిని. కాపలా నున్న యువకుని అడిగితిని. మాట తీరును బట్టి సిరిసిల్ల వైపువాడని పోల్చుకొంటిని. "తాతా, బండి తూగే జాగ ఇది. విమానంల ఎక్కించేటప్పుడు ఈ గీత చూసుకొనే పెడ్తరు," అని అతడు చెప్పెను. ఆ మాట వినగానే నాకు మా మామ కాలు జ్ఞప్తికి వచ్చినది.

మా అమ్మగారి పుట్టినిల్లు కోరుట్ల దాపున. మా తాతకు రెండెడ్ల బండి యుండెను. పసుపు సంచులు నింపుకొని జగిత్యాలకు పోవుట, సిరిసిల్లకు పోయి బట్టల బేళ్ళు తెచ్చుట ఆయన జీవనము. మా మామ ఎడమకాలు ఈడ్చి నడచెడివాడు. దాని కారణము తరువాత చెప్పెదను. ముందు బండి సంగతి చూతము.

బండి నింపుట యొక విద్య యని మీలో బండి తోలినవారందఱు ఎఱుగుదురు. ఇరుసునకు ముందు బరువు హెచ్చినచో కాడి ఎద్దుల మెడలపై కూర్చుండి పుండ్లు పడును. వెనుక బరువు హెచ్చినచో కాడి పైకి లేచి మెడక్రింది పట్టెడలు గొంతులను బిగించును. సంచులన్నియు ఎక్కించిన పిమ్మట మా తాత ఎద్దులను కట్టకమునుపు కాడిని రెండు చేతులతో ఎత్తి చూచెడివాడు. చేతికి కొద్దిపాటి బరువు తగులవలెను. అంతకు మించరాదు, తగ్గరాదు. తగ్గినచో ఒక సంచిని వెనుకనుండి ముందుకు జరిపించెడివాడు. దీనినే ఆయన మొగ్గు చూచుట యనెడివాడు. ఆయనకు చదువు రాదు. కాని ఫిరంగి పోతపనివాడు వెనుకకు రవంత మొగ్గు ఉంచుటయు, మా తాత ముందుకు రవంత మొగ్గు ఉంచుటయు ఒకే లెక్క. ఎవరి కొయ్య ఎటువైపున నున్నదో అటువైపునకు మొగ్గు.

సిరిసిల్ల బేళ్ళతో వేఱొక చిక్కు. అవి పసుపువలె కుదిమట్టముగా నుండవు, ఎత్తుగా పేర్చవలెను. మొగ్గు సరిగానే యున్నను మానేరు ఇసుకలో దిగినపుడు బండి ప్రక్కకు ఊగెడిది. ముందువెనుకల తూకమొకటి, మీదిక్రిందుల తూకమొకటి. వాహనమునకు పెట్టు గీత ముఖ్యముగా మొదటిదానినే తెలుపును. రెండవదానికి లెక్క వేఱుగా వ్రాసియుంచుదురు.

ఇక విమానము. నేలమీది బండిని ఇరుసు మోయును. గాలిలోని విమానమును రెక్కలు మోయును. విమానము బరువు, లోని సరకు బరువు, చమురు బరువు అన్నియు కలిసి ఎచ్చట తూగునో ఆ చోటు రెక్కల వెడల్పులో ఒక నియమితమైన భాగముననే పడవలెను. ముందునకు మీఱినచో నేల విడుచునపుడు ముక్కు లేవదు. వెనుకకు మీఱినచో ముక్కు అతిగా లేచి, వేగము సడలి, రెక్కలు గాలిని పట్టజాలక విమానము కూలును. బండి మొగ్గు తప్పినచో ఎద్దులు ఆగును, తోలువాడు దిగి సంచి జరుపును. ఆకాశమున దిగి సరిచేయుటకు చోటు లేదు.

ఏతము త్రొక్కిన పెద్దలకు ఈ సంగతి సులభముగా బోధపడును. ఏతపు మానుపై మనుష్యుడు బానవైపునకు నాలుగడుగులు వేసిన బాన దిగును; తిరిగి నాలుగడుగులు వెనుకకు వేసిన నీరు పైకి వచ్చును. మనుష్యుని బరువు మాఱలేదు. నిలిచిన చోటు మాఱినది. చిన్న విమానములలో ప్రయాణికులు కొలదిగా నున్నపుడు, మీరిచ్చట కూర్చుండుడు, మీరచ్చట కూర్చుండుడు అని చోట్లు మార్పించుట కలదు. దానికి కారణము మర్యాద తక్కువ కాదు, ఇదియే.

మఱి సైనికవాహనము తూగుచోటును కనుగొనుట యెట్లు? చక్రముల బండికి సులువు. ముందు చక్రములను మాత్రము కాటాపై నిలిపి తూచుదురు. పిమ్మట వెనుక చక్రములను తూచుదురు. ముందు ఇరుసుపై 900 కిలోలు, వెనుక ఇరుసుపై 1,500 కిలోలు వచ్చినవనుకొనుడు. మొత్తము 2,400. ఇరుసుల నడుమ దూరము 240 సెంటీమీటరులు. వెనుక బరువును ఈ దూరముచే గుణించి మొత్తపు బరువుచే భాగించినచో 150 వచ్చును. ముందు ఇరుసునుండి 150 సెంటీమీటరులు వెనుకకు కొలిచి, రెండు ప్రక్కలను గీత గీయుదురు. ఇరుసులు లేక ఇనుప పట్టాలపై ప్రాకు వాహనమైనచో, నేలపై నొక దూలమును అడ్డముగా పఱచి దానిమీదికి మెల్లగా నడపి, ఏ చోట ఆ వాహనము ఉయ్యాలవలె ముందునకు వ్రాలునో ఆ చోట గుఱుతు పెట్టుట కలదు.

రెండు ప్రక్కలను ఎందులకన, విమానపు కడుపులో వాహనము ఇఱుకుగా పట్టును. ఒక్కొక్కప్పుడు ఒక ప్రక్క మాత్రమే కంటికి కనబడును. ఆ కడుపు గోడలపై ముక్కునుండి కొలిచిన అంకెలు వరుసగా నుండును. సరకు నెక్కించు అధికారి ముందుగనే లెక్క కట్టి, ఈ వాహనపు గీత ఫలాని అంకెకు ఎదురుగా నిలువవలెనని నిర్ణయించును. వాహనమును వెనుక తలుపునుండి అంగుళమంగుళముగా నడిపించి, గీత అంకెకు ఎదురైనంతనే నిలిపి, గొలుసులతో నాలుగు దిక్కులకు బిగింతురు. తూచినవాడు ఒక ఊరివాడు, ఎక్కించువాడు మఱియొక ఊరివాడు. వారిద్దఱు ఒకరినొకరు చూచి యుండరు. ఆ గీతయే వారి నడుమ మాట.

ఈ వాడుక పాతది కాదు. రెండవ ప్రపంచయుద్ధమున ఇంగ్లీషు బండ్ల ముందర పసుపుపచ్చని వలయములో ఒక అంకె యుండెడిది. అది వంతెనల కొఱకు; ఈ వంతెన ఇంత తరగతి బండిని మోయునని చూచుకొని దాటించుటకు. బండ్లు ఎగురుట మొదలైన పిమ్మటనే తూకపు గీత అగత్యమైనది. 1944 మార్చిలో బర్మా అడవులలోనికి మోటారులేని గాలిపడవలలో కంచరగాడిదలను, జీపులను, నేల చదునుచేయు యంత్రములను దింపిరి. ఆ యేడు జూన్ 6న ఫ్రాన్సు తీరమున ఇంగ్లీషువారు హామిల్‌కార్ అను గాలిపడవలలో చిన్న ట్యాంకులనే దింపిరి. ఏడు టన్నుల ఇనుము, కొయ్యతో కట్టిన పడవ! లెక్కలో జానెడు పొరపాటు వచ్చిన ఏమగునో మీరే యోచింపుడు.

1948లో మన హైదరాబాదు రాజ్యమునకును ఆకాశమార్గమున ఆయుధములు వచ్చినవి. సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుండి వానిని దొంగచాటుగా తెచ్చెను. అవి పెట్టెలు మాత్రమే. సెప్టెంబరు 13న భారతసైన్యపు ట్యాంకులు షోలాపూరు బాటను నేలమీదనే వచ్చినవి; 17వ తేదీకి కథ ముగిసినది. అప్పటికి మన దేశమున ట్యాంకును మోయగల విమానము లేదు. అంతకు ముందటి సంవత్సరము అక్టోబరు 27న శ్రీనగరమునకు డకోటా విమానములలో సైనికులను పంపిరిగాని, కవచపు కార్లు బాటవెంట పోక తప్పలేదు. 1948 నవంబరు 1న జోజిలా కనుమలో ట్యాంకులు కనబడి శత్రువులు నివ్వెఱపోయిరి. ఆ ట్యాంకుల పైగుమ్మటములను ఊడదీసి, గుట్టుగా, బాటవెంట ఈడ్చుకొని పోయిరి. ఆ కనుమలో వానికి త్రోవ తీర్చినవారు మద్రాసు సాపర్ల దళమువారు.

పదునాలుగేండ్లు గడచినవి. 1962 అక్టోబరు చివరను చైనా యుద్ధమున లడాఖులోని చుషూల్‌కు ట్యాంకులు కావలసి వచ్చెను. బాట లేదు, వ్యవధి లేదు. ఆంటొనోవ్ 12 అను రుష్యా విమానములు అంతకు ముందటి సంవత్సరమే మన వాయుసేనకు వచ్చియుండెను. వానిలో 20వ లాన్సర్ల దళపు ఏఎంఎక్స్ 13 ట్యాంకులను, ఆరింటిని, ఒక్కొక్కటిగా ఎక్కించి తరలించిరి. ఒక్కొక్క ట్యాంకు సుమారు 15 టన్నులు. విమానము మోయగలది హెచ్చుగా 20 టన్నులు. ఆ విమానస్థలము 14 వేల అడుగులకు పైనున్నది. అంతటి ఎత్తున గాలి పలుచన గనుక రెక్కల బలము తగ్గును. కావున చమురు కూడ కొలిచి పోసికొనవలసి వచ్చెను. ఆ ట్యాంకులు ఫ్రెంచివారు చేసినవి. ఫ్రెంచివారి ఫిరంగి విద్యను జగిత్యాల కోటనుండి చెప్పుచు వచ్చిన నాకు ఇది ఒక చిత్రమైన కలయికగా తోచును. అంతకు మించి దానిలో అర్థమేమియు లేదు.

ఆ మీదట పెద్ద విమానములు వచ్చినవి. 1985లో ఇల్యూషిన్ 76, 2013లో అమెరికావారి సీ 17 మన వాయుసేనలో చేరినవి. మన తెలుగునేలకును ఇందులో పాలు కలదు. 1984లో నాటి మెదకు జిల్లాలో, నేటి సంగారెడ్డి జిల్లాలో, ఎద్దుమైలారమున సైనికవాహనముల కర్మాగారమునకు పునాది పడినది. పదాతిదళమును మోయు శరత్ అను వాహనములు అచ్చట తయారగుచున్నవి, బరువు సుమారు 14 టన్నులు, నీటిలో ఈదగలవు. ఎద్దు పేరు గల ఊరిలో ఎద్దులు లాగలేని బండ్లు! 2020లో గల్వాను లోయలో ఘర్షణ జరిగిన పిమ్మట 68 వేలకు పైబడిన సైనికులను, సుమారు 90 ట్యాంకులను, ఈ జాతి వాహనములను సుమారు 330ని విమానములలో లడాఖునకు చేర్చిరని 2023లో పత్రికలు ప్రకటించినవి. అట్టి ప్రతి యెక్కింపునకును ముందు ఎవరో ఒకరు కాటా దగ్గఱ నిలిచి అంకెలు వ్రాసికొనియే యుందురు.

గీత యున్నంతమాత్రమున గండము తప్పదు. 2013 ఏప్రిల్ 29న ఆఫ్ఘనిస్థానములోని బగ్రాం విమానస్థలమునుండి ఒక పెద్ద సరకు విమానము దుబాయికి బయలుదేరెను. మన కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లల నుండి ఎందఱో బిడ్డలు పొట్టకూటికై పోవు దుబాయియే అది. విమానములో ఐదు కవచవాహనములు. ఒక్కొక్కటి 12 మొదలు 18 టన్నులు. నేల విడిచిన కొన్ని క్షణములకే ముక్కు నిట్టనిలువుగా లేచి, విమానము నిలిచిపోయి, రన్వే కొసన కూలినది. ఏడుగురు సిబ్బందియు మరణించిరి. విచారణలో తేలినదేమనగా, కట్టు చాలక వెనుక కొసనున్న వాహనము జరిగి, తోకగోడను ఛేదించి, తోకను త్రిప్పు యంత్రమును విఱుగగొట్టినది. లెక్క కాగితముపై సరిగానే యుండవచ్చును. బరువు తన చోట నిలిచియుండకున్న ఆ లెక్క యెవరికి?

ఇప్పుడు మా మామ కాలు. ఆ దినము మా తాతకు జ్వరము. మామకు అప్పటికి పదునెనిమిదేండ్లు. ఒంటరిగా బండి తోలుట అదియే మొదలు. కోరుట్లలో పసుపు నింపించి, తాత చెప్పినట్లే కాడి ఎత్తి చూచుకొని బయలుదేరెను. తాత ఆ స్థితిలోను గుమ్మమువఱకు వచ్చి, "మొగ్గు చూస్కున్నవా బిడ్డా?" అని అడిగెనట. "చూస్కున్న నాయినా," అని మామ చెప్పెను. అది నిజమే. త్రోవలో ఒక పల్లెవద్ద తెలిసినవాడొకడు ఒక్క సంచిని జగిత్యాలకు చేర్చుమని కోరెను. కాదనలేక మామ దానిని వెనుక కొసను వేయనిచ్చెను. త్రాడు విప్పి మరల కట్టుటకు బద్ధకించెను. కాడిని మరల ఎత్తి చూడలేదు. ముందొక మోరీ ఎత్తున్నది. ఎద్దులకు సాయముగా వెనుకనుండి తోయుదమని దిగి, బండి వెనుక నిలిచెను. ఎక్కుడులో ఆ సంచి జాఱినది. దానితో మఱి రెండు జాఱినవి. కాడి లేచి, ఎద్దులు ముందుకాళ్ళు తేలి, బండి వెనుక దూలము మామ పాదముపై దిగెను.

సైన్యమువారి నియమమొకటి ఆ సిరిసిల్ల యువకుడు నాకు చెప్పెను. గీత పెట్టిన పిమ్మట వాహనములో నీళ్ళ పీపాలు వేసినను, పెట్టె తీసినను, చమురు నింపినను, తూకము మాఱినట్లే లెక్క. పాత గీతను చెఱిపి, తిరిగి కాటా యెక్కించి, క్రొత్త గీత పెట్టవలెను. నేను మా మామ సంగతి చెప్పగా అతడు ఆ గీతవంక చూచి, "ఎంత బరువు సంచి తాతా?" అని అడిగెను.

మా తాత ఆ సంవత్సరమే బండి ప్రక్కపలకపై, ఇరుసునకు సరిగా మీదుగా, ఇనుప కడ్డీని కాల్చి ఒక నిలువు వాత పెట్టించెను. అవతలి పలకపైనను పెట్టించెను. అటుపిమ్మట త్రోవలో ఎవరు సంచి తెచ్చినను, ఆ వాతకు వెనుక వేయవలసి వచ్చినచో, మఱియొక సంచిని ముందుకు జరిపి, కాడి ఎత్తి చూచినగాని మామ బండి కదలనిచ్చెడివాడు కాడు.